నాలుగో చింతగింజ

ఐదేళ్ళ పిల్ల లెక్క సరిగ్గానే చేసింది. తప్పని దిద్దింది నేను. ఆ దిద్దడంతో మొదలైన సంగతి ఒక మనిషి ప్రాణం తీసింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబుదాంలే అనుకుంటే మధ్యలోనే ఏదో సాకు వెతుక్కుని తప్పించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

నైజాం పాలన పోయాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. నేను సూర్యాపేటలో అన్నయ్య ఇంట్లో ఉండేదాన్ని. అన్నయ్య అక్కడ సర్కారు బడిలో పంతులు. మాది కోదాడ. తొమ్మిదో ఏట నన్ను మిర్యాలగూడ సంబంధానికి ఇచ్చారు. పదకొండో ఏట ఆయన విషజ్వరంతో పోయాడు. ఆయన మొహం నాకు సరిగ్గా గుర్తు లేదు. పదో రోజున బావి దగ్గర కూచోబెట్టి నా బొట్టు తుడిచిన ముసలమ్మ బొటనవేలు మాత్రం గుర్తుంది. గరుగ్గా ఉండేది. మొదటిసారి పూర్తిగా పోలేదని రెండోసారి తుడిచింది. ఆ తర్వాత బెజవాడలో మేనత్త దగ్గర ఉండి ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాను. ఆ ఎండాకాలానికి నాకు ఇరవై నాలుగేళ్ళు, చదువుకు తగ్గ పనీ లేదు, నోటికి తగ్గ తోడూ లేదు.

అరుగు మీద చిన్నపిల్లల్ని కూచోబెట్టడం అన్నయ్య ఆలోచన. "మిరుగు కార్తె నాటికి బడి తెరుస్తారు. చేర్చగానే సగం మంది ఏడుస్తారు, సగం మంది గోడ దూకుతారు. ఈసారి ఉర్దూ పోయి చదువు తెలుగులో మొదలవుతోంది, చేరేవాళ్ళు ఎక్కువే ఉంటారు. ఈ రెండు నెలలూ నువ్వు కాస్త దారిలో పెట్టు" అన్నాడు. పొద్దున్నే విధవ మొహం చూడటానికి పిల్లల్ని ఎవరు పంపుతారని వదిన గొణిగింది. వదిన మాట పూర్తిగా తప్పేం కాలేదు. పిల్లాణ్ణి అరుగు దాకా తీసుకొచ్చి, నన్ను చూసి వెనక్కి తీసుకుపోయినవాళ్ళు ఇద్దరున్నారు. మిగిలినవాళ్ళు పద్నాలుగు మంది.

అక్షరాలు నేర్పడం నా పని కాదు, అది బడి చూసుకుంటుంది. నేను నేర్పింది చాప మీద కుదురుగా కూచోవడం, ఒంటికి పోవాలంటే అడగడం, పక్కవాడి పలక లాక్కోకపోవడం. ఇంకా, చేర్చుకునే రోజున పెద్ద పంతులు అడిగే మూడు ప్రశ్నలకు జవాబు. నీ పేరేంటి, మీ ఊరేది, మీ నాన్న ఎవరు. అదే కష్టమైపోయింది. సగం మందికి పేర్లే లేవు. నీ పేరేంట్రా అంటే ఒకడు ధీమాగా "పోరడు" అన్నాడు. వాళ్ళమ్మను అడిగితే, "పేరు పెడదామనుకునేలోపట ఊళ్ళె లొల్లి మొదలాయె పంతులమ్మా. ఇగ మరిశే పోయినం" అంది.

పెద్దవాళ్ళ భయాలు తీర్చడం ఇంకో పని. పిల్లాడి పేరు బడిలో రాస్తే లెవీ ధాన్యం ఎక్కువ అడుగుతారా అని ఒక తండ్రి అడిగాడు. "గీడ రాసుకున్న పేర్లు పటాలపోళ్ళకిస్తరా?" అని ఇంకొకామె అడిగింది. ఊరి బయట మిలిటరీ పటాలం క్యాంపు వేసి ఏడెనిమిది నెలలైంది. అడవిలో ఉన్న కమ్యూనిస్టు దళాలవాళ్ళ కోసం ఊళ్ళు గాలిస్తున్న రోజులు. నేను నవ్వి, "పసిపిల్లల మాటలు వాళ్ళకెందుకమ్మా?" అన్నాను. ఎంత తెలివిగలదాన్నో ఆ నవ్వును బట్టే తెలుస్తుంది.

లెక్కకు మాత్రం నా పద్ధతి ఒకటి ఉండేది. కోదాడలో మా బామ్మ రోజూ పొద్దున్నే పొయ్యి పక్క గూట్లో చింతగింజలు పెట్టేది. ఆ పూట తినే మనిషికి ఒక గింజ. ఊరెళ్ళినవాడి గింజ తీసేసేది, చుట్టం వస్తే ఒకటి కలిపేది. గింజకు ఒక గుప్పెడు చొప్పున ఎసట్లో బియ్యం పోసేది. ఆమెకు ఒకట్లు రావు గానీ ఆ ఇంట్లో అన్నం ఏనాడూ మిగల్లేదు, చాలకపోనూ లేదు. నేనూ పిల్లలకు అదే పెట్టాను. మీ ఇంట్లో అన్నం తినేది ఎంతమందో అన్ని గింజలు పెట్టండి అనేదాన్ని. సరిగ్గా పెట్టి, ఒక్కొక్కటి ఎవరిదో చెప్పినవాళ్ళకు నా కొంగు ముడిలోంచి నాలుగు పుట్నాలు దక్కేవి. ఒకడు మేకక్కూడా గింజ పెట్టాడు. ఇంకొకడు మేనమామకు రెండు పెట్టి, "ఆయన ఇద్దరి బువ్వ తింటడు" అన్నాడు. వాడికి ఒక పుట్నం ఎక్కువే ఇచ్చాను.

ఆ పిల్ల ఉగాది వెళ్ళాక వచ్చింది. నాయనమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. పేలు పడ్డాయని జుట్టు బోడిగా కత్తిరించారు. తల్లి పాత చీర ముక్కతో కుట్టిన గౌను. మాట తక్కువ. వాళ్ళది తుంగతుర్తి అవతల ఒక పల్లె. అక్కడ ఇల్లు కూలిపోతే సూర్యాపేట వచ్చి ఊరి చివర గుడిసెలో ఉంటున్నారు. తల్లి షావుకార్ల ఇళ్ళలో వడ్లు దంచేది. తండ్రి అడవిలోకి పోయినవాళ్ళలో ఒకడనీ, చలికాలంలో జరిగిన కాల్పుల్లో పోయాడనీ, శవాలను అక్కడికక్కడే కాల్చేశారనీ అందరికీ తెలిసిన కథ. పదో రోజున ఊరంతా చూస్తుండగా చెరువు కట్ట మీద ఆమె గాజులు పగలగొట్టారట, ఊరి పటేలు కూడా వచ్చి చూసి వెళ్ళాడట. ఆ తర్వాత వాళ్ళ ఇంటికి సోదాలు ఆగిపోయాయి.

ఆ తల్లి ఒకసారి పిల్లను తీసుకుపోవడానికి వచ్చింది. బోసి నొసలు, బోసి చేతులు. నాకంటే ఒకటి రెండేళ్ళు పెద్దదేమో. ఆమెను చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ అరుగు ముందు నుంచి పోయే ఆడవాళ్ళందరిలో ఆమె ఒక్కతే నా తోటిది అనిపించింది. నీళ్ళిచ్చి, కాసేపు కూచోమన్నాను. ఆమె కూచోలేదు. నా నొసటి వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. సిగ్గుపడుతోంది అనుకున్నాను.

మీ నాన్న ఎవరు అని అడిగితే పిల్ల నోరు మూసుకునేది. పెదవులు లోపలికి మడిచి పళ్ళతో పట్టుకునేది. సరే, దానికి ఏం చెప్పాలో నేర్పుదామని, "లేడు అని చెప్పాలమ్మా. పెద్ద పంతులుగారు అడిగితే గట్టిగా 'లేడు' అనాలి. అంటే చాలు, ఇంకేం అడగరు" అన్నాను. కానీ గింజల దగ్గరికి వచ్చేసరికి పిల్ల నాలుగు పెట్టింది.

"ఎవరెవరు?"

"అమ్మ, నాయినమ్మ, నేను." మూడు గింజల మీద వేలు పెట్టింది. నాలుగోదాని మీద వేలు పెట్టింది గానీ ఏమీ అనలేదు.

నేను నాలుగో గింజ తీసేశాను. తను మళ్ళీ పెట్టింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు నేను మూడంటాను, అది నాలుగంటుంది. నాకు కోపం వచ్చింది, దాన్ని దాచుకోవడం ఎందుకు? మిగతా పిల్లలందరికీ పుట్నాలు పెట్టి, దానికి పెట్టకుండా కూచోబెట్టాను. అలా వారం రోజులు. పిల్ల ఏడవలేదు, అందరూ నములుతుంటే నోళ్ళు చూసేది. నాయన గురించి ఎవరితోనూ మాట్లాడొద్దని ఇంట్లో గట్టిగా చెప్పి ఉంచారని నాకు తర్వాత తెలిసింది. మాట్లాడొద్దన్నారు గానీ, గింజ పెట్టొద్దని చెప్పాలని ఎవరికి తోస్తుంది?

ఎనిమిదో రోజున అందరూ వెళ్ళాక పిల్ల నా దగ్గరికి వచ్చి, మెడ పట్టుకుని కిందికి వంచి, చెవిలో చెప్పింది. "మా నాయిన సావలే. మొన్న వచ్చిండు. జొన్నరొట్టె తిన్నడు. గివి తెచ్చిండు." గుప్పిట తెరిచింది. రెండు తునికిపండ్లు. ఒకటి నాకిచ్చి, పుట్నాల కోసం చెయ్యి చాపింది.

అడవిలో దొరికే పండ్లవి. అయితే ఆ రోజుల్లో బజార్లోనూ గంపల్లో పెట్టి అమ్మేవారు. నాయనమ్మ కొనిపెట్టి, మీ నాయిన పంపాడని చెప్పి ఊరుకోబెట్టి ఉంటుంది అనుకున్నాను. నాకు అనుమానం రాలేదా అంటే రాలేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను. మొగుడు బతికి ఉండగా బొట్టు తుడుచుకునే ఆడది ఉంటుందా? బొట్టు చెరిగితేనే కీడని వెంటనే మళ్ళీ దిద్దుకునే జనం మేము. పటేలు నమ్మింది అందుకే, పటాలపోళ్ళకు దారి చూపేవాళ్ళు నమ్మింది అందుకే. వాళ్ళందరికంటే ఎక్కువగా నేను నమ్మాను. ఆ గరుకు వేలు ఎలా ఉంటుందో తెలిసినదాన్ని. దాన్ని తనంత తాను ఎవరైనా నొసటి మీదికి పిలుచుకుంటారని నాకెలా తోస్తుంది? పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకుని ఏడ్చాను. పుట్నాలు పెట్టాను. తండ్రి చావు తెలియని పసిది, తనే కథ అల్లుకుంటోంది అనుకున్నాను.

మా బామ్మ నా గురించి ఒక మాట అనేది, దీని నోట్లో నువ్వుగింజ నానదని.

పద్నాలుగు మంది పిల్లల్లో ఒకడు గిర్దావరుగారి కొడుకు. రెవెన్యూ పనిమీద ఊళ్ళు తిరిగే ఉద్యోగి ఆయన, క్యాంపువాళ్ళతో రాకపోకలు ఉండేవి. ఆయన భార్య కొడుకును తీసుకుపోవడానికి తనే వచ్చేది, వచ్చి చాప మీద నా పక్కన కూచునేది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ముత్తైదువ ఎవరైనా నా పక్కన కూచుని పదమూడేళ్ళయింది. నుదుట అంత బొట్టుతో, చేతినిండా గాజులతో, నా మోకాలికి మోకాలు తగిలేలా కూచుని ముచ్చట చెప్పేది. ఆమె ఇంకాసేపు కూచోవాలంటే నా దగ్గర కూడా చెప్పడానికి ఏదో ఉండాలి కదా. నా బతుకులో ఏముంది చెప్పడానికి? ఆ పిల్ల సంగతి చెప్పాను. నాలుగో గింజ, జొన్నరొట్టె, తునికిపండ్లు, అన్నీ చెప్పాను. బాగా చెప్పాను కూడా. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"అయ్యో, పసిదాని పాణం ఎంత కొట్టుకుంటున్నదో సూడు!" అంది. ఇద్దరం ఏడ్చాం. ఆ రోజు దీపాల వేళ దాకా కూచుంది.

పిల్ల తల్లికి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. చెబితే పుండు మీద కారం చల్లినట్టు అవుతుందని జాలిపడ్డాను. ఒకే ఒక్క మనిషికి చెప్పవలసిన మాట, ఆమెకు తప్ప ఇంకొకరికి చెప్పాను.

గిర్దావరు భార్య అన్నం వడ్డిస్తూ మొగుడికి చెప్పి ఉంటుంది. ఆమె కూడా జాలితోనే చెప్పి ఉంటుంది, నేను ఆమెను తప్పు పట్టను. విన్నవాడికి జాలి కలగలేదు, అంతే. పది రోజులు కాలేదు. ఒక పొద్దున చివ్వెంల దారి వైపు నుంచి తుపాకుల చప్పుడు వినిపించింది. నేను పిల్లలను చాప మీద కూచోబెడుతున్నాను. ఆ చప్పుడు అప్పట్లో కొత్త కాదు, వాళ్ళు తలలు కూడా తిప్పలేదు. ఆ పిల్ల ఆ రోజు రాలేదు. మధ్యాహ్నానికి తెలిసింది. గొంగడి కప్పుకుని గొర్లకాపరిలా వస్తున్న మనిషిని తుమ్మచెట్ల దగ్గర కాపుకాసి కాల్చారు. గొంగడి మూటలో పండ్లున్నాయని చూసొచ్చినవాళ్ళు చెప్పారు. చలికాలంలో చచ్చిపోయినవాడు ఎండాకాలంలో మళ్ళీ ఎట్లా చచ్చాడని బజారంతా చెప్పుకున్నారు. చెప్పుకుంటున్నవాళ్ళ మధ్య నేనూ నిలబడి విన్నాను.

రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. మూడో రోజున వాళ్ళ గుడిసెకు వెళ్ళాను. అంతా చెప్పేసి కాళ్ళ మీద పడదామనే వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

తల్లి గోడకు ఆనుకుని కూచుంది. ముసలామె గడప దగ్గర పడుకుని ఉంది. పిల్ల రోలు వెనకాల కూచుని రోటి అంచు గోకుతోంది. మామూలుగా అయితే అప్పుడు ఆ ఇంటి నిండా ఆడవాళ్ళు ఉండాలి, పదో రోజు ఏం చేయాలో మాట్లాడుకుంటూ ఉండాలి. ఎవరూ లేరు. చేయవలసినదంతా చలికాలంలోనే చేసేశారు. పగలగొట్టడానికి గాజు లేదు, తుడవడానికి బొట్టు లేదు.

నేను నోరు తెరవకముందే తల్లి అడిగింది. "పంతులమ్మా, ఒక్కటడుగుత, నిజం చెప్పు. పిల్ల నీకాడ ఏమన్న అన్నదా? నాయిన వస్తున్నడని గిట్ల చెప్పిందా?"

రోలు వెనకనుంచి గోకుడు ఆగిపోయింది. పిల్ల నా వైపు చూస్తోంది. తల్లి కూడా నా వైపే చూస్తోంది.

చెప్పింది అంటే ఆ పిల్ల జన్మంతా తండ్రిని చంపుకున్నదానిగా బతకాలి. ఆ మాట నిజమే. ఎవరికి చెప్పావు అని తర్వాతి ప్రశ్న నా మీదికి వస్తుంది. ఆ మాట కూడా నిజమే. ఇద్దరికీ కలిసొచ్చే అబద్ధం నా నోటి దగ్గరే ఉంది.

"లేదమ్మా. నాకేం చెప్పలేదు" అన్నాను.

తల్లి కళ్ళు మూసుకుంది. అప్పుడు గడప దగ్గర నుంచి ముసలామె లేచి కూచుంది. "అయితె నా చెయ్యే" అంది. కుడిచెయ్యి నాకు చూపించింది. "బతికున్న కొడుకు పెండ్లానికి గీ చేత్తోని బొట్టు తుడిచిన. సోదాలు ఆగుతయి, నా కొడుకు బతుకుతడని తుడిచిన. ఇదేమో వద్దత్తా అని నా కాళ్ళు పట్టుకున్నది. నేను ఇన్లే. ఆడిదాని నొసలుతోని ఆటలాడితె ఊకె పోతదా? నేను తుడిస్తెనే వాడు పాయె." బొటనవేలు నేలకేసి రాయడం మొదలుపెట్టింది, తోలు లేచిపోయేలా. తల్లి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

కాదు, నీ చెయ్యి కాదు, నా నోరు అని అప్పుడైనా అనాలి. దాని కోసమే కదా వెళ్ళాను. నువ్వుగింజ నానని నోరు అది, ఆ ఒక్కరోజు మాత్రం ఎంత గట్టిగా మూసుకుందో! లేచి, వచ్చిన దారినే ఇంటికి వచ్చాను. ముసలామె వానాకాలం దాటలేదు. ఆ పాపం తన చేతిదే అనుకుంటూ పోయింది. నేను చెప్పలేదు.

బడి తెరిచే రోజు వాళ్ళు రారనుకున్నాను. వచ్చారు. తల్లి పిల్లకు అప్పుడప్పుడే పెరుగుతున్న జుట్టు దువ్వి, మొహం కడిగి తీసుకొచ్చింది. "బిడ్డను సదివియ్యమని ఆయన వచ్చినప్పుడల్ల చెప్పేటోడు పంతులమ్మా. నువ్వున్నవు గదా, ధైర్యమున్నది" అంది. ధైర్యమట. నన్ను చూసి.

బడి వరండాలో పెద్ద పంతులు బల్ల వేసుకుని కూచున్నాడు. పిల్లలు వరసలో నిలబడ్డారు. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి అందుకోవాలి, అందితే ఈడు వచ్చినట్టు లెక్క. "పోరడు"కు పేరు పెట్టాం, వాడు తన పేరు తానే మర్చిపోయి నా వైపు చూశాడు. నేను పక్కన నిలబడి పెదవులు కదిలించాను, చెప్పాడు. ఎవరూ గోడ దూకలేదు. ఆ పిల్ల ముందున్న పదమూడు మందీ మూడు ప్రశ్నలకూ జవాబులు చెప్పారు. బాగా తయారుచేశావని అన్నయ్య మెచ్చుకున్నాడు.

ఆ పిల్ల వంతు వచ్చింది. చెవి అందింది. పేరు చెప్పింది. ఊరు చెప్పింది.

"మీ నాన్న ఎవరమ్మా?" అన్నాడు పెద్ద పంతులు, కలం పట్టుకుని, తల ఎత్తకుండానే.

తల్లి వరండా స్తంభం పట్టుకుంది. పిల్ల పెదవులు లోపలికి మడవలేదు. నేను ఎలా నేర్పానో అలాగే, గట్టిగా, అందరికీ వినిపించేలా చెప్పింది.

"లేడు."

ఆయన ఇంకేం అడగలేదు, రాసుకున్నాడు. పిల్ల వరసలోంచి బయటికి వచ్చింది. తిన్నగా నా దగ్గరికి వచ్చి నిలబడి, ఈసారి సరిగ్గా చెప్పింది కదా, పుట్నాల కోసం చెయ్యి చాపింది. వాళ్ళమ్మ చూస్తూ ఉంది. నేను కొంగు ముడి విప్పి, లెక్కపెట్టి నాలుగు పెట్టాను.